ముందు లేచింది ఎవరు

మా మేడమీద గదిలో అద్దెకుంటున్న రమ్య కరీంనగర్ వైపు పిల్ల. ఇక్కడి ఇంజనీరింగ్ సంస్థలో పరిశోధన చేస్తోంది, కానీ యంత్రాల మీద కాదు. అక్కడ తత్వశాస్త్రం చెప్పే విభాగం కూడా ఒకటుందని ఆ అమ్మాయి వచ్చేదాకా నాకు తెలియదు. నేను పుట్టి పెరిగింది బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్‌లోనే, రైల్వే బడిలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైందీ ఇక్కడే, అయినా ఆ గోడల లోపల ఏం చదువుతారో ఎప్పుడూ ఆరా తీయలేదు. రమ్య సాయంత్రాలు టీకి కిందికి దిగుతుంది. మాటల్లో నేను మా పాత రోజుల సంగతులు చెబుతూంటాను. ఒకరోజు పూరీ గేట్ దగ్గర కూరలు కొనుక్కుని ఇద్దరం నడిచి వస్తూంటే ఉన్నట్టుండి అడిగింది.

“ఆంటీ, మీరు మాటకు ముందు మా లైన్, మా లైన్ అంటరు గదా. ఆ లైన్ అనేది నిజంగ ఉండెనా?”

“ఉండకపోవడమేమిటే? ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఆ గోడలు ఇంకా ఉన్నాయి. రేపు రా, చూపిస్తాను.”

“గోడలు కాదాంటీ. ఆ పన్నెండు ఇండ్లల్ల మనుషులను ఒక్కొక్కలను తీసి పక్కకు పెడితే, ఇంక లైన్ అని మిగిలేది ఏమన్న ఉంటదా? లేకపోతే అది ఉత్త పేరేనా? నేను చదివేదంత గదే.”

ఆ పరిశోధన నేను నాలుగో తరగతిలోనే చేశానని, గడప గడపకీ తిరిగి మరీ చేశానని, చివర చెంపదెబ్బ తిన్నానని చెప్పాను. కూరల సంచి నా చేతిలోంచి లాక్కుని మొత్తం చెప్పేదాకా వదల్లేదు. చెప్పాను. ఒక్క ముక్క మాత్రం దాచాను. అది కూడా ఇక్కడ రాస్తున్నాను.

మా నాలుగో లైను అంటే ఒకే పెంకుల కప్పు కింద వరుసగా పన్నెండు క్వార్టర్లు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. మూడో ఇంట్లో రోట్లో పచ్చడి నూరితే నాలుగో ఇంట్లో గ్లాసులు అదిరేవి. ముందు వరండా, వెనక పిడికెడు పెరడు, లైను చివర ఒకే కుళాయి. పదకొండిళ్ళు మావాళ్ళవే, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తాతల నాడు రైల్వే వర్క్‌షాప్ పనికి వచ్చినవాళ్ళు. చిట్టచివరి ఇల్లు మాత్రం ఒక బెంగాలీ ఆవిడది, మాలతి బౌది, అంటే మాలతి వదిన. తెల్లారకముందే పన్నెండు కుంపట్లూ వరండాల్లోకి వచ్చేవి. బొగ్గుపొడిలో మట్టీ పేడా కలిపి ఉండలు చేసి ఎండబెట్టేవాళ్ళం, గుల్ అనేవాళ్ళం వాటిని బెంగాలీ వాళ్ళ మాటతోనే. అవి రాజుకునేదాకా పొగ లైను మీద దుప్పటిలా పరుచుకుని ఉండేది. ఆ పొగలోనే ఒక ఇంటి నుంచి ఎండు నెత్తళ్ళ వాసన, ఇంకో ఇంటి నుంచి చోడి అంబలి వాసన, చివరి ఇంటి నుంచి ఆవనూనె ఘాటు. సైరన్ కూసేసరికి మగవాళ్ళందరూ ఒకేసారి గుమ్మాలు దిగి సైకిళ్ళెక్కేవారు. మళ్ళీ ఒకేసారి తిరిగొచ్చేవారు. మా నాన్న ఒంటిమీది కిరసనాయిలు, మిషను నూనె కలిసిన వాసన ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. దాన్ని నేను నాన్న వాసనే అనుకునేదాన్ని, పనిది అనుకోలేదు.

మా నాన్నమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని వరండాలో గోడకి చేరబడి లైనంతా చూస్తూ కూర్చునేది. నోరు మూసుకునే మాట్లాడేది కాబట్టి ఆమె మాటలు ముక్కులోంచి వచ్చినట్టుండేవి. “లైనేటనుకుంటాది?” అన్నది ఆ ముక్కుమాటల్లో నేను ఎక్కువసార్లు విన్నది. రిబ్బను లేకుండా గుమ్మం దిగితే లైనేటనుకుంటాది. అమ్మ మధ్యాహ్నం నిద్రపోతే లైనేటనుకుంటాది. నాకు చాలా రోజులు లైను అంటే ఒక మనిషి అని, ఏదో ఇంట్లో ఉంటాడని, ఎప్పుడో కనిపిస్తాడని ఉండేది. కానీ ఆ లైనే అమ్మకి పచ్చకామెర్లు వచ్చినప్పుడు మాకు ఇరవై రోజులు అన్నం పెట్టింది. మా పొయ్యి రాజలేదు. ఇవాళ రెండో ఇంటి నుంచి గిన్నె వస్తే రేపు మూడో ఇంటి నుంచి వచ్చేది. ఎవరూ వంతులు వేయలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మాలతి బౌది కూడా తన వంతు రోజున ఉప్పు తక్కువ వేసిన పప్పు పట్టుకొచ్చింది.

మా ఆరో ఇంటికి పక్కన ఏడో ఇల్లు తవిటినాయుడు మావది. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. చదువురాని వాళ్ళకి ఉత్తరాలు చదివిపెట్టేవాడు, జవాబులు రాసిపెట్టేవాడు. ఆయన భార్య పారమ్మత్త, కూతురు సుశీల. సుశీలా నేనూ ఒకే తరగతి, ఒకే బెంచీ. లైను మొదట్లో రెండో ఇల్లు పైడిరాజు మావది. ఈయన ఆయనకి పూర్తి విరుద్ధం. అమ్మవారి సంబరాలకి వేషం కట్టేది ఆయనే, డప్పు పట్టేది ఆయనే, పిల్లల్ని రెండు భుజాల మీదా ఎక్కించుకుని లైను ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తేది ఆయనే. వర్క్‌షాప్‌లో సానబట్టే పెద్ద చక్రం మీద పనిచేసేవాడు.

ఆ చక్రం మీద ఇనుప మూత ఒకటుండాలి. మూతుంటే పని నిదానంగా సాగుతుందని పైడిరాజు మావ ఒకరోజు దాన్ని తీసి పక్కన పెట్టాడు. అదే రోజు ఆ పక్కన పనిచేస్తున్న ఒడియా ఖలాసీ ఒకాయన చెయ్యి చక్రంలో పడి రెండు వేళ్ళు పోయాయి. ముగ్గురు పిల్లల తండ్రి. విచారణ జరిగింది. మూత ఎవరు తీశారో తేలకపోతే తప్పు ఆ ఖలాసీదే అవుతుంది, అజాగ్రత్త అని రాసి పంపించేస్తారు. అక్కడున్న మావాళ్ళందరూ చూడలేదన్నారు. తవిటినాయుడు మావ చూశానన్నాడు. పైడిరాజు తీశాడు, నేను చూశాను, అంతే చెప్పాడట. ఖలాసీ ఉద్యోగం నిలిచింది. పైడిరాజు మావని మిషను మీద నుంచి తీసేసి యార్డులో సామాన్లు మోసే పనికి వేశారు. అన్నేళ్ళు చేతిపని చేసిన మనిషి, మర్నాటి నుంచి భుజం మీద తుండుగుడ్డ మడతపెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు.

విచారణ ముగిసిన రోజు సాయంత్రం జరిగింది నేను వరండాలోంచి చూశాను. కుళాయి గోడ పక్కన ఇటుకల మీద, పట్టాల కింద వేసే పాత స్లీపర్ చెక్క ఒకటి బల్లలా వేసి ఉండేది. పని నుంచి వచ్చాక మగవాళ్ళు దాని మీద కూర్చుని టీ తాగేవారు. తవిటినాయుడు మావ వచ్చి ఎప్పటిలా కూర్చున్నాడు. కాసేపటికి మా నాన్న లేచాడు. ఆయన వెనకే లైనుకి పెద్దవాడైన గురువులు తాత లేచాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. తవిటినాయుడు మావ ఒక్కడే టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత గ్లాసు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళాడు. ఆ మర్నాడు కుళాయి దగ్గర పారమ్మత్త వచ్చేసరికి ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. బిందె పెట్టుకోనివ్వకపోవడం లాంటిదేమీ లేదు, నీళ్ళకి అడ్డం పడితే పాపం. కాస్త జరిగి చోటిచ్చారు. ఆవిడ బిందె నిండి వెళ్ళేదాకా నీళ్ళ చప్పుడు తప్ప ఏదీ వినిపించలేదు. ఇంటికొచ్చాక అమ్మ నా జడ గట్టిగా లాగి అల్లుతూ, “ఆ సుశీలతో మాటాడకు” అంది.

“ఎందుకే?”

“లైను ఒప్పుకోదు.”

అలా నెలలు గడిచాయి. నేను బెంచీ మారాను. సుశీల పక్కన చోటు ఖాళీగా ఉండేది.

ఒక మధ్యాహ్నం మాలతి బౌది ఇంటికి కాసింత పసుపు అడగడానికి వెళ్ళాను. వాళ్ళ వంటింట్లో పారమ్మత్త కూర్చుని ఉంది. ఆవిడ నన్ను చూసి లేచి వెనక గుమ్మం గుండా వెళ్ళిపోయింది. బౌది పసుపు పొట్లం కడుతూ బెంగాలీలో నన్ను నిలదీసింది. “తొమాదెర్ లైన్‌టా కే గో? అడుగుతున్నాను చెప్పు. ఎవరితను, మీ లైను? ఏ ఇంట్లో ఉంటాడు? నేనెళ్ళి మాట్లాడతాను.”

 ఆ ప్రశ్న నాకు చాలా సబబుగా తోచింది. చిన్నప్పటి నుంచి నేను అనుకుంటున్నదే గదా అది. పసుపు ఇంట్లో పడేసి, అప్పటికప్పుడు బయల్దేరాను.

ముందు నాన్నమ్మని అడిగాను. “సుశీలోళ్ళతో మాటాడొద్దని ఎవులు సెప్పినారు?”

“ఎవులు సెప్పడమేటే? అందరూ మానేసినారు, మనమూ మానేసినాం.”

“అందర్లో ముందు ఎవులు?”

నాన్నమ్మ చుట్ట నోట్లోంచి తీసి నాకేసి చూసింది. “గురువులు తాత పెద్దోడు. ఆడ్నే అడుగు.”

గురువులు తాత రైలింజను నడిపి రిటైరైన మనిషి. చెవుడు. గట్టిగా అరిచి అడగాల్సి వచ్చింది. “నానెందుకు సెప్తానమ్మా? మీ నాన్నే గదా ముందు లేచినాడు. సిన్నోడే లేచిపోతే పెద్దోణ్ణి నాను కూకుంటే బాగుంటాదేటి?” అన్నాడు. ఇంకో నాలుగిళ్ళు తిరిగాను. ఒకరు గురువులు తాత లేచాడు కాబట్టి లేచామన్నారు. ఒకరు పైడిరాజు మనసు నొచ్చుకుంటుందని అన్నారు. ఒకావిడ, “నాకైతే ఆ పారమ్మంటే ఇట్టమే. నాను మాటాడితే మీ అమ్మేటనుకుంటాదో అని” అంది. మా అమ్మ ఏమీ అనుకోదని నేను చెప్పాను. ఆవిడ నవ్వి నా చేతిలో బెల్లం ముక్క పెట్టి పంపేసింది.

పైడిరాజు మావ ఇంటి ముందు కాసేపు తటపటాయించాను. ఆయన గడప మీద కూర్చుని భుజానికి నూనె రాసుకుంటున్నాడు. బరువులు మోసి చర్మం కమిలిపోయి ఉంది. అడిగేశాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

“నాను ఎవుల్తోనీ సెప్పలేదమ్మా. తవిటి అబద్ధమాడలేదు. మూత నానే తీసినాను.”

“మరైతే నువ్వు మాటాడొచ్చు గదా మావా?”

“ఎలాగ మాటాడతాను? లైనంతా నాకోసం మానేసినాది. ఇప్పుడు నానే ఎల్లి నవ్వుతా మాటాడితే, ఆలందరి ముకం ఏటౌతాది?” అని, నూనె గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది మా నాన్న. ఆదివారం పొద్దున్న గడ్డం గీసుకుంటూ చిన్న అద్దంలో చూసుకుంటున్నాడు. “నాన్నా, అందరూ నువ్వే ముందు లేచినావంటన్నారు. తవిటి మావ మీద కోపంతోనే లేచినావా?”

నాన్న చెయ్యి ఆగింది. “కోపమేటి? ఒంటేలుకి లేచినాను. టీ రెండు గ్లాసులు తాగినాను గదా. తిరిగొచ్చి సూస్తే బల్ల మీద తవిటి ఒక్కడే ఉన్నాడు. అందరూ ఎల్లిపోయినాక నానొక్కణ్ణీ కూకుంటానేటి?” అన్నాడు. కత్తి మళ్ళీ చెంప మీద పెట్టుకున్నాడు. నా మొహం వైపు చూడలేదు.

ఆ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. పాము అనుకున్నది తాడే అని తేలినట్టయింది. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ కోపం లేదు, నాన్న ఒంటేలుకి లేచాడు. ఈ మాట అందరికీ తెలిస్తే చాలు, క్షణంలో అంతా తీరిపోతుంది అనుకున్నాను. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర ఆడవాళ్ళందరూ ఉన్నారు. పారమ్మత్త బిందె కుళాయి కింద ఉంది. నేను గోడెక్కి నిలబడి గట్టిగా చెప్పేశాను. “లైను ఏటీ సెప్పలేదు! ఎవులూ సెప్పలేదు! ఆ రోజు మా నాన్న ఒంటేలుకి లేచినాడు, అంతే!”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బెల్లం పెట్టిన ఆవిడ పకాలున నవ్వింది. ఆవిడని చూసి ఇంకో ఇద్దరు నవ్వారు. పారమ్మత్త కూడా, తల వంచుకుని ఉన్నా, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకోవడం నేను చూశాను. ఇక అయిపోయిందనుకున్నాను. కానీ నవ్వు దానంతటదే తగ్గింది. ఎవరైనా ఒక మాట అనాలి అప్పుడు. నీళ్ళెలా వస్తున్నాయి పారమ్మా అన్నా చాలు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. పారమ్మత్త కాసేపు చూసి, బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనక మళ్ళీ నీళ్ళ చప్పుడే.

అమ్మ నన్ను ఇంట్లోకి ఈడ్చుకెళ్ళి చెంప పగలగొట్టింది. నాన్న పరువు కుళాయి దగ్గర పారబోశానని. నాన్నమ్మ మాత్రం ఏమీ అనలేదు. మధ్యాహ్నం గుల్ ఉండలు చేస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“నువ్వు సెప్పింది మాకు తెల్దనుకున్నావేటి? అందరికీ తెలుసు.”

“తెలిస్తే మరి?”

“తెలిస్తే ఏటి? ముందు ఎవులు ఎల్తారు? ముందెల్లినోళ్ళు ఒక్కరైపోతారు. నువ్వు ఎల్లగలవేటి?”

ఎందుకు వెళ్ళలేను అనుకున్నాను. రమ్యకి ఇక్కడిదాకా చెప్పాను. చెప్పనిది ఇది. ఆ మర్నాడు బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టాక సుశీల తనంతట తనే నా దగ్గరికి వచ్చింది. కుళాయి దగ్గరి సంగతి వాళ్ళమ్మ చెప్పినట్టుంది. మొహమంతా నవ్వు. “రమణా, మీ నాన్న ఒంటేలుకి లేచినాడంటగా!” అంది. నెలల తర్వాత నాతో ఆ పిల్ల అన్న మొదటి మాట. నాకు నవ్వొచ్చింది, నోటిదాకా వచ్చింది. అప్పుడు మా లైను పిల్లలిద్దరు కిటికీ దగ్గర నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళేమీ అనలేదు, కళ్ళెర్రజేయలేదు, ఊరికే చూస్తున్నారు. నేను పలక తీసుకుని పక్కకి తిరిగి, ఏదో పని ఉన్నట్టు నడిచి వెళ్ళిపోయాను. ఇల్లిల్లూ తిరిగి లైను లేదని కనిపెట్టినదాన్ని నేనే. అయినా నాకు భయం వేసింది. ఎవరికి భయపడ్డానో అప్పుడూ తెలియదు, ఇప్పుడు కూడా సరిగ్గా చెప్పలేను.

ఆ ఏడు వానాకాలం తర్వాత తవిటినాయుడు మావ బదిలీ అడిగి వేయించుకున్నాడు, నాగపూర్ వైపు ఎక్కడో చిన్న షెడ్డుకి. వాళ్ళు వెళ్ళే రోజు పొద్దున్న సామాన్లకి ఠేలా, అదే తోపుడు బండి, వచ్చింది. పది గుమ్మాల్లోనూ జనం నిలబడి ఉన్నారు. మాలతి బౌది ఒక్కతే లోపలికీ బయటికీ తిరుగుతూ మూటలు కట్టిస్తోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఇనుప పెట్టె ఒకటి చాలా బరువుగా ఉంది. తవిటినాయుడు మావ, ఠేలావాడు కలిసి ఎత్తబోయి రెండుసార్లు దింపేశారు. అప్పుడు పైడిరాజు మావ గుమ్మం దిగి వచ్చాడు. ఎవరినీ చూడలేదు. తుండుగుడ్డ చుట్ట చుట్టి తలమీద పెట్టుకుని, పెట్టె ఎత్తుకున్నాడు. ఠేలా మీద పెట్టలేదు, అలాగే స్టేషన్ వైపు నడిచాడు. ఆ వెనక మా నాన్న వెళ్ళి పరుపుచుట్ట భుజానికెత్తుకున్నాడు. గురువులు తాత లాంతరు పట్టుకున్నాడు. బెల్లం పెట్టిన ఆవిడ గిన్నెల బుట్ట ఎత్తుకుంది. నా చేతికెవరో నీళ్ళ కూజా ఇచ్చారు. చివరికి ఠేలా మీద చాపలూ చీపురూ తప్ప ఏమీ మిగల్లేదు. లైనంతా వరసగా స్టేషన్‌కి నడిచాం. దారి పొడుగునా ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. కూజా నేను రైలు కిటికీలోంచి సుశీలకి అందించాను. అది తీసుకుంది. మేమిద్దరం కూడా మాట్లాడలేదు. రైలు కదిలి వెళ్ళిపోయాక, ప్లాట్‌ఫారం మీద అందరూ ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలుపెట్టారు. తవిటి ఎంత మంచివాడో, పారమ్మ చేతి చింతకాయ పచ్చడి ఎంత బాగుంటుందో. పైడిరాజు మావ ఒక్కడే పట్టాల వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇప్పుడు ఆ క్వార్టర్లలో సగం మూతపడ్డాయి. పెంకుల మీద మొక్కలు మొలిచాయి. కుళాయికి నీళ్ళు రావు, రావాల్సిన అవసరమూ లేదు. లైను వాళ్ళు వైజాగ్, రాయపూర్, హైదరాబాద్ అని చెదిరిపోయారు. కానీ ఫోన్లో “నాలుగో లైను” అని వాట్సాప్ గ్రూపు ఒకటుంది, గురువులు తాత మనవడు పెట్టింది. నలభై మందికి పైగా ఉన్నాం. అందులో సగం మంది ఆ లైను గడప తొక్కినవాళ్ళు కాదు, కోడళ్ళు, అల్లుళ్ళు, మనవలు. పొద్దున్నే పువ్వుల బొమ్మలు పెడతారు. ఎవరైనా పోతే దణ్ణాలు పెడతారు. నాకు కిందటేడు మోకాలి ఆపరేషన్ జరిగితే నలభై మందీ త్వరగా కోలుకోమని రాశారు. వంతులవారీగా అన్నం మాత్రం రాలేదు. పంపడానికి ఎవరూ ఇక్కడ లేరు. రమ్యే పదిహేను రోజులు వండిపెట్టింది, ఆ పిల్ల ఏ లైనుదీ కాదు. అప్పటి మనుషులు ఎక్కువ మంచివాళ్ళని నేననను. గిన్నెలు పంపిన ఇళ్ళే మాటలు మానేసిన ఇళ్ళు కూడా. రెండూ ఒక్క గుణం నుంచే పుట్టాయని, ఒకటి కావాలంటే రెండోదీ భరించాలేమోనని మాత్రం అనుమానం.

రమ్యకి ఈ కథ చెప్పిన నెల లోపలే సుశీల వచ్చింది. ఇది నేను కల్పించి రాసినట్టుంటుందని తెలుసు, కానీ జరిగింది ఇదే. వాళ్ళబ్బాయికి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికింది. వాడితో కొన్నాళ్ళుందామని వచ్చి, ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి పోయి అక్కడున్నవాళ్ళని అడిగి నా ఇల్లు కనుక్కుంది. గుమ్మంలో నిలబడితే పారమ్మత్తే అనుకున్నాను. అదే నిలబడే తీరు, అదే పెదవి కొరుక్కోవడం. రమ్య టీ పెట్టింది. వాళ్ళ నాన్న పోయి చాలా ఏళ్ళయిందని సుశీల చెప్పింది. పోయేదాకా ఆయన నోట ఒకటే మాటట, మా లైన్లో ఐతేనా ఇలాగుండదు, మా లైన్లో ఐతేనా అలాగ సేస్తారు అని.

రమ్య ఉండబట్టలేక అడిగేసింది. “అంత చేసినంక గూడ మా లైన్ అనేటోడా, ఆంటీ?”

“మరేటమ్మా? బయటోణ్ణయితే ఎవులు ఎలేస్తారు? లోపలోణ్ణే గదా ఎలేసేది” అంది సుశీల, గ్లాసులో టీ ఊదుకుంటూ. 

అప్పుడు నేను బడి సంగతి ఎత్తాను. నీకు గుర్తుందో లేదో అని మొదలుపెట్టాను.

“గురుతు లేకపోడమేటి? ఎర్ర రిబ్బన్లు కట్టుకున్నావు ఆ రోజు. ఆలిద్దరూ కిటికీ కాడున్నారు. నువ్వు పలక తీసుకుని ఎల్లిపోనావు.”

రమ్య నా వైపు చూసింది. నేను తప్పు చేశానని, యాభై ఏళ్ళుగా అది నన్ను వదల్లేదని, క్షమించమని సుశీల చెయ్యి పట్టుకుని అడిగాను. సుశీల చెయ్యి లాక్కోలేదు. ఏడవలేదు, నన్ను ఏడవొద్దనీ అనలేదు. ఆలోచించి చెప్పింది.

“నువ్వొక్కదానివీ అడిగితే నానేటి సెయ్యను రమణా? నువ్వు మాటాడలేదని మేం ఊరొగ్గీసి పోనేదు. లైను మాటాడలేదని పోయినాం. అడిగితే లైను అడగాల.”

ఆమె వెళ్ళాక నేను ఆ మాటనే నెమరేసుకున్నాను. పన్నెండిళ్ళ పెద్దలందరూ పోయారు. లైను నోరు ఎక్కడుంది, అడగడానికి? మర్నాడు పొద్దున్న పువ్వుల బొమ్మల మధ్య గ్రూపులో రాశాను. తవిటినాయుడు మావ కుటుంబం పట్ల మన లైను తప్పు చేసింది, ఆయన చెప్పింది నిజం, సుశీల ఈ ఊరొచ్చింది, లైను తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను, మీరందరూ నాతో ఉన్నారా అని.  గంటలోపల అందరూ చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. మధ్యాహ్నం దాకా ఎవరూ పలకలేదు. ఒక అల్లుడు మాత్రం ఇదేం విషయం, మాకు తెలియదే అని రాశాడు. నాన్నమ్మ అన్న మాట గుర్తొచ్చింది, ముందెల్లినోళ్ళు ఒక్కరైపోతారని. సాయంత్రం గాజువాక నుంచి పైడిరాజు మావ కూతురు రాసింది. “మా నాన్న ఆఖరి రోజుల్లో తవిటి మావ పేరే తలుచుకున్నారు. మా ఇంటి తరఫున కూడా అడుగుతున్నాను.” ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. గురువులు తాత మనవడు, మేము కూడా అన్నాడు. మూడు రోజులకి పదకొండు మంది అయ్యారు. అక్కడితో ఆగింది. మళ్ళీ పువ్వుల బొమ్మలు మొదలయ్యాయి.

ఆదివారం సుశీల వచ్చినప్పుడు ఫోను చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క మాటా వేలు పెట్టి చదివింది. పైడిరాజు మావ కూతురు రాసింది రెండుసార్లు చదివింది.

“పదకొండు మందే ఉన్నారు. మిగిలినోళ్ళు?”

“సూసినారు. ఏటీ అనలేదు.”

“ఐతే ఒప్పుకున్నట్టే” అంది సుశీల. “అప్పుడూ అంతే గదా, ఎవులూ ఏటీ అనలేదు.”

ఫోను నా చేతిలో పెట్టి, తన నంబరు కూడా ఆ గ్రూపులో ఎక్కించమంది.